బాల్కనీలో బూట్లు

గచ్చిబౌలి దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో ఆఫీసు బస్సు ఆగిపోయింది. నా వెనక సీట్లో ఇద్దరు ఉద్యోగులు మాట్లాడుకుంటున్నారు.

"మీ సారు ట్రెక్కింగ్‌కి పోయిన్రట గద మేడమ్. కొత్త బూట్లు కొన్నరా?"

"లేదండీ. పెళ్లప్పుడు మా తమ్ముడిచ్చినవే. నాలుగేళ్లయినా ఒక్కసారీ వేసుకోలేదు, కొత్తవాటిలాగే ఉన్నాయి."

"ఇన్నొద్దులు ఏడ పెట్టిన్రు?"

"బాల్కనీలోనండీ. చెప్పులూ బూట్లూ గదుల్లో పెట్టకూడదని అత్తయ్యగారి పట్టింపు. ఎండ తగిలితే బూజు కూడా పట్టదు కదా."

"ఎండకు లోపలి గమ్ము ఎండిపోతది మేడమ్. పైకి మంచిగనే కనిపిస్తయి, నడుస్తుంటే అడుగు ఊడొస్తది. ఇచ్చే ముందు జర వంచి చూసిన్రా?"

"చూడలేదండీ. నిన్న తుడుస్తుంటే నల్లటి పొడి రాలింది. దుమ్మనుకుని ఊడ్చేశాను."

"ఒకసారి ఫోన్ చెయ్యున్రి."

"మధ్యాహ్నం నుంచి కలవట్లేదు. దిగే దారిలో సిగ్నల్ ఉండదన్నారు లెండి. అయినా కొండెక్కేశారుగా, పైనుంచి ఫొటో కూడా పంపారు."

"ఎక్కుడు కాదు మేడమ్, దిగేటప్పుడే బరువంతా బూటు మీద పడ్తది. ఏదీ, ఫొటో చూపియ్యున్రి."

"ఇదిగోండి. ఎంత హాయిగా నవ్వుతున్నారో చూడండి."

"నవ్వుతున్నరు గనీ, ఎడమ బూటు చుట్టూ తువ్వాల ఎందుకు కట్టుకున్నరు మేడమ్?"