వదిన పెట్టుకున్న పోట్లాట

దర్జీ వదిన తన కుట్టుగదిలో ఆడపడుచు నడుముకి టేపు చుట్టింది. అవతలి గదిలో ఇంటిల్లిపాదీ చేరి, ఇంకా కడుపులోనే పడని బిడ్డకి పేర్లు వెతుకుతున్నారు.

"ఊపిరి వదులు. గౌను నేను వదులు చేస్తాలే. నా గర్భసంచి మొయ్యలేని బిడ్డ నీ కడుపులో పెరగాలిగా!"

ఆడపడుచు ఊపిరి వదిలింది. "సరే వదినా."

"నిన్న అందరిముందూ మోస్తానన్నావు, చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం. నిజంగా మోస్తావా?"

"మాటిచ్చాగా."

"మాట సరే. మనసు సంగతి చెప్పు."

"మొదటి కాన్పులో చచ్చి బతికాను. భయంగా ఉంది వదినా. కానీ వద్దంటే అన్నయ్య మొహం ఎలా చూడను?"

"నువ్వెందుకు అనడం? నేనే అంటా. ఈ గయ్యాళి చేత నా బిడ్డని మోయించనని అరుస్తా."

"అందరూ నిన్నే తిడతారు!"

"చెడ్డపేరు నాకుండనీ. బిడ్డపేరు తర్వాత చూద్దాం."

"మరి నీకు బిడ్డ?"

వదిన టేపు విప్పింది. "కావాలి. చాలా కావాలి. నీ ప్రాణం మీదికి తెచ్చి మాత్రం వద్దు. పద, నువ్వూ గట్టిగా తిట్టు, లేకపోతే ఎవరూ నమ్మరు."

తలుపు బార్లా తీసి మొదలెట్టింది: "నా బిడ్డని మోయడానికి నువ్వెవరే?"

ఆడపడుచు తిట్టబోయి, ఒక్క తిట్టూ దొరక్క వదిన మీద పడి భోరుమంది.

"అదీ! ఈ ఏడుపునయితే ఇంకా బాగా నమ్ముతారు," అని చెవిలో చెప్పి, వదిన మళ్ళీ గొంతెత్తింది.