మామిడిపండు జెల్లీలు, మూడు గేట్లు

హలో… ఆ, నేనే, రేణుకక్కను. చెప్పు మొగిలీ.

— ఆటోల ఉన్న. గోపన్‌పల్లిల ఎక్కి ముప్పావు గంటైంది. నానక్‌రామ్‌గూడ రాకముందే బండ్లన్నీ ఆగినయి. నువ్వు గేటు కాడ లేవా? గొంతేంది, బాయిలకెల్లి వస్తున్నట్టుంది?

— ఏడా?

— బాత్రూంలనా! డ్యూటీల ఉండి బాత్రూంల కూసోని నాకు ఫోన్ చేస్తున్నవా?

… ఎన్నిసార్లు?

… ఆరుసార్లా! పొద్దున్నుంచి ఆరుసార్లా! — ఏం లేదు సాయమ్మా, పక్కన కూసోని ఉలిక్కిపడకు, నా తమ్ముడు. మా ఆఫీసు గేటు కాడ గార్డు. కడుపు ఖరాబైంది. … సిగ్గేందిరా? ఆటోల ఉన్నోళ్లందరికీ కడుపులున్నయి. ఏం తిన్నవో చెప్పు.

— గోలీ. సరే. బస్తీ దవాఖాన డాక్టరమ్మ రాసిచ్చిన మెగ్నీషియం గోలీ. ఒక్కటే కదా? … పరిగడుపునా! ఆమె ఏం చెప్పింది నీకు? నేను పక్కనే ఉన్న. రోజుకొకటి, అన్నం తిన్నంక. రెండు వారాలకు మళ్ల రక్తపరీక్ష. కాగితం మీద తెలుగుల రాయించిన, ఇంగ్లీషుల గీకితే ఊకోలే. ఆ కాగితం ఏడుంది?

… టోపీల. టోపీల పెడితే తలకెక్కుతదా?

ఇంకా ఏం మింగినవ్?

— పొడి. … నీళ్లల్ల వేస్తే బుసబుస పొంగేది. … ఏడిది?

… అయ్యో. నేనిచ్చిన సంచిలదా.

ఆగు, ఆగు. ఆఫీసుల కొలువు మానేసిపోయిన సార్ల డెస్కులు నేను ఖాళీ చేసిన. ఆ డబ్బాలు డస్ట్‌బిన్ల వెయ్యమని నీకిచ్చిన. వెయ్యమనిరా! మింగమని కాదు!

— కొత్తగున్నయా? మూతలు తియ్యలేదా? … ఆ. రంగులు వేరుంటే మందులు కూడా వేరనుకున్నవ్. తెల్ల డబ్బా మీద ఏం రాసుంది? … మెగ్నీషియం. పచ్చదాని మీద? … ఆ. నువ్వు చప్పరించిన మామిడిపండు జెల్లీల డబ్బా మీద? … ఆ! మూడిట్ల ఉన్నది ఒక్కటేరా! పిక్కలు పట్టేస్తున్నయని పోతివి, పరీక్ష చేసి తక్కువుందన్నరు. తక్కువుందంటే బకెట్లతోని పొయ్యమన్నట్టా?

నవ్వకు సాయమ్మా. నువ్వు కూడా నవ్వకు అన్నా, రోడ్డు చూడు.

— లేదు, నీతోని కాదు. సాయమ్మకు కూడా పిక్కలు పడుతున్నయంట, వేసుకోవచ్చా అని అడుగుతున్నది. … ఏందమ్మా? పొద్దున థైరాయిడ్ గోలీ వేసుకుంటవా? అయితే డాక్టర్‌ను అడగాలె. దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలెనంట. ముందుగాల పరీక్ష. మా తమ్ముని లెక్క చేయకు.

ఆ, ఉన్న. చెప్పు. … అంతా నీళ్లేనా? మంచిగైంది. ఆ నీళ్లతోని ఒంట్ల ఉన్న మెగ్నీషియం కూడా పోతది. ఎక్కియ్యబోయి దించుకుంటున్నవ్. … కండ్లు తిరుగుతున్నయా? మబ్బుగ, నిద్రొచ్చినట్టు? గుండె అటిటు కొట్టుకుంటున్నదా? ఊపిరి మంచిగాడుతుందా? … నిజం చెప్పు. … సరే. గట్ల ఏదైనా అయితే సీదా దవాఖాన. డ్యూటీ గీటీ లేదు.

గ్యాస్ గోలీ బంద్ చేసినవా, ఇంకా మింగుతున్నవా? … దాని సంగతి కూడా చెప్పింది కదా. ఎవ్వరినీ అడగకుండ రెండేండ్ల సంది రోజూ మింగినవ్, మెగ్నీషియం తగ్గనీకి అదే కారణం కావచ్చు అన్నది. ఇయ్యాల అది కూడా అడుగుదాం.

— రాజేందర్ ఏమైండు? … రెండో గేటు విడిచి పక్క బిల్డింగుల బాత్రూంకు ఉరికిండా? యూనిఫాం మీదనే? వానికేమైంది?

… మొగిలీ. ఎంతమందికి పంచినవ్?

… హాజరు కాడ. అందరికీ. గుళ్లె ప్రసాదం పంచినట్టు. … అందరికీ కాళ్లు గుంజుతున్నయంటే? గుంజవా! పన్నెండు గంటలు నిలబెడితే గుంజవా! స్టూలు ఇయ్యరు. ఒకటికి పోవాలన్నా గేటు కాడికి ఇంకో మనిషిని పంపరు. మూడు నెలల సంది అర్జీలు పెడుతున్న. దానికి మందు స్టూలురా, జెల్లీ కాదు!

ఆగు. ఒకటో గేటుల నువ్వు లేవు. రెండోదాంట్ల రాజేందర్ లేడు. కార్లను లోపలికి ఎవరు తోలుతున్నరు?

… ఎవ్వరూ లేరా.

— అన్నా, డ్రైవరన్నా, హారన్ కొట్టకు. ఎంత కొట్టినా కదలదు. మా తమ్ముడు బాత్రూంలకెల్లి బయటికొస్తేనే ఈ రోడ్డు కదిలేది.

మూడో గేటు? తిమ్మప్పన్న ఉన్నడు కదా? … ఉన్నడు. ఆయనకేం ఇయ్యలేదు కదా?

… ఏమిచ్చినవ్? … కట్టుడు పళ్లకు జెల్లీ అంటుకుంటదని పొడి పొట్లాలు ఇచ్చినవా? … రెండా?

మొగిలీ. ఆయనకు కిడ్నీలు ఖరాబున్నయిరా.

… నీకు తెల్వదా? ఆయన ఇంటామె జయమ్మొదినె నెలకోసారి దవాఖానకు తీస్కపోతది ఎందుకనుకున్నవ్? కిడ్నీలు మంచిగున్నోనికి ఎక్కువైంది చాలామట్టుకు మూత్రంల పోతది. ఆయనకు పోదు, ఒంట్లనే జమైతది. గుండెకు దెబ్బ. ఫోన్ చెయ్యి ఆయనకు! … చేసినవా? ఎత్తుతలేడా? వాకీటాకీ? … బ్యాటరీ లేదు. అర్జీల అది కూడా రాసిన! మూడో నంబర్ల రాసిన!

— ఎవరది తలుపు కొట్టేది? … మీ సూపర్‌వైజర్ శివశంకర్ సారా? మంచిగైంది. స్పీకర్ల పెట్టు.

సార్, నమస్తే! హౌస్‌కీపింగ్ రేణుకను! … బండ్ల సంగతి తర్వాత సార్. … పెద్దసారు కారు ఆగితే ఆగనియ్యుర్రి. మొగిలిని తర్వాత తిడుదురు, నేను కూడా తిడత. మీరు మూడో గేటుకు ఉరుకుర్రి. తిమ్మప్పన్న మెగ్నీషియం పొడి తాగిండా లేదా చూడుర్రి. తాగితే ఉన్నపళంగ బండెక్కించి దవాఖానకు తోలాలె. పొట్లం కూడా పట్టుకపోవాలె, డాక్టర్‌కు చూపెట్టనీకి. … ఏ పొడా? మొగిలి పొద్దున పంచినయి సార్. పొడి, మామిడిపండు జెల్లీలు. … సార్? ఉన్నరా?

… ఉరికిండా నడిచిండా? … ఉరికిండు. సరే.

— ఏంది? సార్ కూడా జెల్లీలు తీసుకున్నడా? ఎన్ని? … గుప్పెడు. స్టూలు అడిగితే రాని చెయ్యి, ముఫత్ అంటే ముందరికొస్తది.

… ఏడ్వకు తమ్మీ. ఏడిస్తే ఇంకిన్ని నీళ్లు పోతయి. … ఆ, నీకు తెల్వదు. మరి నాకు తెల్వదా? చెత్తల వేసే డబ్బాలు నీ చేతుల పెట్టింది నేను. నేనే పారేసుండాలె. … తప్పు నాది కూడా. పానం మంచిగుంటే చాలు ఆయనది. జయమ్మొదినెకు ఏం మొహం చూపెడత…

— వచ్చిండా? సార్, చెప్పుర్రి!

… తాగలే! సాయమ్మా, తాగలేదంట! … ఏడున్నయి పొట్లాలు? … జేబుల. గుంజుకున్నరా సార్ అవి? … మంచిది. … ఎందుకు తాగలే మరి?

… కలుపుకోనీకి గేటు కాడ నీళ్లు లేవు. తెచ్చుకుందామంటే గేటు చూసేటందుకు మనిషి లేడు. పొద్దున్నుంచి నీళ్ల కోసం నిలబడ్డడు.

— ఏమన్నరు? … మళ్లోసారి అనుర్రి. మీరు మనిషిని పెట్టకపోవుడే మంచిదైందా? మీ వల్ల పానం దక్కిందా? ముసలి మనిషిని ఎండల నీళ్లు లేకుండ నిలబెట్టినందుకు దండ వెయ్యాల్నా మీకు? పెద్దసారుకు చెప్పుర్రి గీ మాట, నేను కూడా వింట!

… సార్?

… చెప్పుడైపోయింది కదా, ఇంకెందుకు కొడుతున్నరు తలుపు? — మొగిలీ, ఏమంటున్నడు? … అర్జెంటంట?

ఆహా. గుప్పెడు జెల్లీలు.

తియ్యకు! … నీదైపోయినా సరే, తియ్యకు! … సార్, గార్డులకు ఒక్కటే బాత్రూం పెట్టింది ఎవరు? నేనా? … పై అంతస్తుల ఉన్నయి కదా, పోర్రి. … లిఫ్టు దాక ఆగలేరా. మా గార్డులు పన్నెండు గంటలు ఆగుతున్నరు సార్.

… ఇస్తరా? నోటి మాట వద్దు. మన వాట్సాప్ గ్రూపుల పెట్టుర్రి. మూడు గేట్లకు కలిపి ఒక రిలీవర్, బదులు నిలబడే మనిషి. గేటుకొక స్టూలు, గేటుకొక నీళ్ల క్యాను. … టైపు చేసేదాక ఆగలేరా? కాళ్లు గుంజినా మావోళ్లు నిలబడతలేరా? కొట్టుర్రి.

— ఆ, వచ్చింది. చదువుతున్న. … “రేపటి నుంచి” అని పెట్టిండ్రు సార్. అట్లైతే బాత్రూం కూడా రేపటి నుంచే.

… ఆ. ఇంకోటి వచ్చింది. “ఇయ్యాల్టి నుంచే. దండం పెడత.” దండం అక్కర లేకుండె. వాకీటాకీకి బ్యాటరీ? … అది కూడా వచ్చింది. శాన ఫాస్టు సార్ మీరు.

తియ్యిరా తమ్మీ. బయటికొచ్చి ఓఆర్‌ఎస్ కలుపుకొని తాగు. ఒక్క గోలీ ముట్టకు ఇయ్యాల. నేను రాంగనే డాక్టరమ్మ కాడికి పోదాం, మళ్ల ఎప్పుడు మొదలుపెట్టాల్నో ఆమె చెప్తది. డబ్బాలన్నీ పట్టుకో. రాజేందర్‌ను కూడా రమ్మను. సార్‌ను కూడా.

… మొగిలీ? ఇన్నవా? … మొగిలీ, ఈ చప్పుడేంది?

… ఫోన్ లోపల్నే విడిచి ఉరికినవా!

… ఎవరు? సార్? … అయ్యయ్యో, వద్దు సార్, మీరేం చెప్పకుర్రి! — సాయమ్మా, బండ్లు కదిలినయి చూడు! మావోడు గేటుకు చేరిండు!

పెట్టేస్తున్న సార్. మీరు నిమ్మళంగ కానియ్యుర్రి.