ముక్కు కుదరని బొమ్మ

మేడమీది గది. స్టాండు మీద ఇంకా తడారని బొమ్మ. చిత్రకారుడు, అతని భార్య.

“అది సరేనండీ, ఇందులో మా అమ్మ ఎక్కడ?”

“మొత్తం ఆవిడే. ఆవిడ సారం.”

“సారం సంగతి తర్వాత. ముక్కేది?”

“ముక్కు... చూడు, ఇది నైరూప్య చిత్రం. ఇందులో ముక్కుండదు.”

“ముక్కు కుదరక గుడ్డ పెట్టి తుడిచేశారు. అవునా, కాదా?”

“తుడిచానంటే...”

“మొన్న మీ మేనమామ చెవులు కుదరలేదు, ‘సూర్యాస్తమయం’ అయిపోయాడు. పక్కింటాయన ‘తుఫాను’ అయ్యాడు. మనిషిని మొదలుపెట్టడం, బెడిసికొడితే నైరూప్యం అనడం!”

“ఎవరికీ చెప్పకే!”

“నేను చెప్పేదేముంది? బొమ్మలో తను కనిపించకపోతే రేపట్నుంచి ఈ గదిలో మీరు కనిపించకూడదంది అమ్మ. ఇల్లు ఆవిడది. మీ రంగులన్నీ స్నానాలగదిలో సర్దుకోండి.”

“ఇంకొక్క రోజు ఆగమనవే!”

“ఆగడమా? మెట్లెక్కేస్తోంది. వెనకాల మీ అమ్మగారు కూడా, మోకాళ్లు పట్టుకుని, మెల్లిగా...”

“ఏం అల్లుడూ, అయిందా నా బొమ్మ? ఏదీ... ఇదా?”

“అంటే అత్తయ్యా, ఇది...”

“ఉండు, మాట్లాడకు. ఈ మూతి విరుపు...”

“మూతి లేదత్తయ్యా.”

“నాకు కనిపిస్తుంటే లేదంటావేం! ఇదిగో, ఇంట్లో అడుగుపెడుతూనే కిటికీ మీద దుమ్ము గీసి చూసే వేలు.”

“అది బ్రష్షు జారిన గీత.”

“ఓరి నీ అసాధ్యం కూలా! ఇది నేనెందుకవుతాను? మీ అమ్మ! అచ్చుగుద్దినట్టు మా వదినగారే!”

“మా అమ్మా?”

“అమ్మా, మెల్లిగా! ఆవిడ మెట్ల మీదే ఉన్నారు.”

“కన్నతల్లని కూడా చూడకుండా ఉన్నదున్నట్టు వేశాడే! దీన్ని హాల్లో పెట్టిస్తాను. ఈ గది నీదే అల్లుడూ, ఇంకెవరూ నిన్ను కదపరు.”

“మరి మీ బొమ్మ?”

“నాదెందుకూ, అద్దం ఉందిగా.”

“ఏమండీ, గుడ్డ కప్పండి, గుడ్డ! అత్తయ్యగారు వచ్చేశారు!”

“కప్పకురా, చూసేశాను. నా బంగారమే! మీ అత్తగారి మూతి విరుపు ఎంత బాగా దిగిందిరా!”