ఎదురెదురు తొట్లు

కాదు బాబూ, కాదు. "వీధి ఇరుకు" అని అప్పుడే రాసేసుకోకండి. కలం పక్కన పెట్టండి ముందు. మా మామగారి నాడూ ఇదే వీధి, ఇవే అరుగులు. అప్పుడు ఇరుక్కోని బండి ఇప్పుడెందుకు ఇరుక్కుంటన్నాది? ఆలోచించాలా, వద్దా?

కూర్చోండి. ఆ కొలత గొలుసు గుమ్మంలో పడెయ్యకండి, ఎవరి కాలికైనా చుట్టుకుంటాది. మునిసిపాలిటీ ఓవర్సీరు నారాయణమూర్తి గారంటే మీరే కదూ? ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగండి.

ఏం, వద్దా? ఇప్పుడే తాగారా? ఎక్కడ?

ఓహో. ఎదురింట్లోనా!

ఇంకో గ్లాసు తాగితే కడుపేం చిరిగిపోదులెండి. అందులో ఉప్పు ఎక్కువైపోయుంటాది, మా అక్క చెయ్యి అంతే. నా దాంట్లో అల్లం, కరివేపాకు దంచి వేశాను. తాగి చెప్పండి. ...అదీ!

అక్క అంటే తోడబుట్టింది కాదు బాబూ, తోడికోడలు. మా బావగారి భార్య కన్యాకుమారమ్మ. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ వ్యాపారం పంచుకున్నారు. తూర్పు వైపు కొట్టు వాళ్లకి, పడమటి వైపు కొట్టు మాకు. బియ్యం, కందిపప్పు, చింతపండు, అక్కడ ఏది ఉన్నాదో ఇక్కడా అదే ఉన్నాది. మగవాళ్లిద్దరూ వెళ్లిపోయారు. మిగిలింది మేమిద్దరం, మధ్యన వీధి.

ఆ వీధిలోనే కదా మొన్న కలెక్టరు దొరగారి కారు ఆగిపోయింది? ముందు బండ్లు, వెనక బండ్లు, పక్కన బొగ్గుతో నడిచే బస్సు పొగ కక్కుతూ... అందుకే కదా మిమ్మల్ని పంపారు, ఉన్న రెండు నీళ్ల తొట్లలో ఏది తీసెయ్యాలో తేల్చి రమ్మని? నాకు తెలుసు. వీధిలో ఉన్నవాళ్లకి వీధిలో సంగతి తెలీదా?

తేల్చండి. కానీ తెలుసుకుని తేల్చండి.

ఇలా చూడండి. చెబితే అర్థం కాదు, పెడితే అర్థమవుతాది. ఈ అప్పడాల కర్ర తూర్పు వైపు కొట్లు. ఈ గరిటె పడమటి వైపు, అంటే మావి. చింతపిక్కలు బండ్లు. నల్లగా ఉన్నవి బరువు బండ్లు. గోకి తెల్లగా చేసినవి ఖాళీ బండ్లు. నవ్వకండి, మా మనవలకి లెక్కలు ఇలాగే వచ్చాయి.

బొబ్బిలి వైపు నుంచి బరువు బండ్లు పొద్దున్నే వస్తాయి. ఎడమ పక్కన నడవాలి కదా? ఎడమ పక్కన ఎవరున్నారు? మా అక్క. ఎడ్లు రాత్రంతా నడిచి నాలుక బయట పెట్టుకుని వస్తాయి. అక్కడ తొట్టి కనబడగానే ఆగి తాగుతాయి. సరుకు దింపేసి మధ్యాహ్నం ఖాళీగా వెనక్కి పోతాయి. అప్పుడు ఎడమ పక్కన ఎవరం? మేము. కానీ అప్పటికి వాటి కడుపు నిండిపోయింది. ఇంటి మీద ధ్యాస. నా తొట్టి వైపు తల కూడా తిప్పవు.

అర్థమైందా? తప్పు ఎడ్లది కాదు, నాదీ కాదు. ఉన్న చోటుది.

ఆ తొట్టి అక్క మా బావగారు పోయిన ఏడు పెట్టించింది, ఆయన పేరు మీద. మంచిదే. నోరులేని జీవాలకి నీళ్లు పొయ్యడం కన్నా పుణ్యం ఏటుంటాది? మా వారు పోయిన ఏడు నేనూ పెట్టించాను. రామతీర్థం వైపు నుంచి రాయి తెప్పించాను. ఆవిడది ఇటుక, సున్నం. నాది ఒకే రాయి. చూశారు కదా?

దాని మీద పేరు చదివారా? గట్టిగా చదవండి ఒక్కసారి, వింటాను.

...ఆఁ. చాలు బాబూ.

ఆ పేరు నేను పలకకూడదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కసారీ పలకలేదు, ఇప్పుడూ పలకను. కొడుకులు "నాన్న" అంటారు, మనవలు "తాత" అంటారు. మరి ఆ పేరు పలికేదెవరు? అందుకే తొట్టి. "ఫలానా వారి తొట్టి కాడ ఆగుదాం రా" అని రోజుకి పది మంది బండివాళ్లయినా అనుకుంటారు కదా, అరుగు మీద కూర్చుని నేను వింటాను కదా అని. అదీ నా ఆశ.

ఏటి విన్నానో చెప్పనా? కాకులు స్నానాలు చేస్తన్న చప్పుడు! నెల తిరిగేసరికి నీళ్లు పచ్చగా పాచి పట్టాయి. ఎదురుగా మా అక్క తొట్టి కాడ తిరణాల. ఆవిడ కిటికీ కాడ నిలబడి చూస్తాది. ఏమీ అనదు. అననే అనదు! ఒక్క మాట అంటే నేను పది అంటాను కదా. ఆ అవకాశం ఇవ్వదు, మహాతల్లి.

అప్పుడు తవుడు కలిపాను.

కాస్త తవుడు, కాస్త బెల్లం. ఎడ్ల ముక్కు సంగతి మీకు తెలీదు. గాలి ఇటు తిరిగితే చాలు, అక్కడ తాగుతన్న ఎద్దు ఇటు లాగుతాది. బండివాడు ముకుతాడు పట్టుకుని వేలాడినా ఆగదు. ఇదిగో, ఈ నల్లపిక్క చూడండి. అప్పడాల కర్ర పక్క నుంచి గరిటె పక్కకి వస్తన్నాది. ఎలా వస్తన్నాది? అడ్డంగా! బరువు బండి అడ్డం తిరిగితే వీధికి గడియ పెట్టినట్టే.

అది చూసి ఊరుకుందా మా అక్క? మర్నాటికి ఆవిడ తొట్టిలో తెలకపిండి! నిజం బాబూ. ఆవిడేమో "పాపం, ఎడ్లు చిక్కిపోయాయి" అందట. నా తవుడు చూడలేదట, వినలేదట! ఇప్పుడు నా పక్క నుంచి పోతన్న ఖాళీ బండ్లు అటు తిరుగుతాయి. నల్లపిక్క ఇటు, తెల్లపిక్క అటు. చూడండి, ఏటైందో. చిక్కు పడిన దారపుండలాగ లేదూ? ఈ ముడి ఏ ఓవర్సీరు విప్పుతాడు?

పోయిన ఏడు విశాఖపట్నం మీద బాంబులు పడి, ఆ ఊరు సగం మన ఊళ్లోకి వచ్చి పడిందంటారా? నిజమే. మిలట్రీ లారీలంటారా? అవీ నిజమే. కానీ లారీకి తెలకపిండి వాసన తగలదు కదండీ.

భోగాపురం నుంచి ఎండు చేపలు తెస్తాది, మరిడమ్మ అని. తట్ట నెత్తిన పెట్టుకుని ఆ బండ్ల మధ్య ఇరుక్కుపోయి, నన్ను చూసి అరిచింది. "ఏటి మాలచ్చమ్మ గారో, తుపానులో సముద్రం మీద దారి దొరుకుతాది గానీ మీ ఈదిలో దొరకదు! ఎడ్లకి తవుడు పెట్టినోళ్లు నాకు రెక్కలు పెట్టండి!" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక చేసేదేముంది? మనుషులు నూకల కోసం రేషను కొట్టు కాడ నిలబడుతన్న రోజులు. నేను ఎడ్లకి బెల్లం పోస్తన్నాను. ఆ మాట నా ముఖం మీద ఎవరూ అనలేదు. అంటే బాగుండేది.

అయినా మానలేదు. ఎందుకు మానాలి? ఎడ్లు వస్తన్నాయి కదా!

వచ్చాయి, నిజమే. ఒకనాడు గంగులు అని బండివాడు, నా తొట్టి కాడ ఎడ్లని ఆపి, వెనక వాడికి కేకేశాడు. వీడి నోట ఆ పేరు వస్తాది ఇప్పుడు అని చెవులు రిక్కించాను. ఏటన్నాడో తెలుసా?

"ఒరే, ఇటు రారా! కన్యాకుమారమ్మ గారి రెండో తొట్టి కాడికి రా! ఈడ తవుడు బాగున్నాది!"

రెండో తొట్టి!

రాయి నాది. నీళ్లు నా నూతివి. తవుడు నాది. పేరు మా వారిది, వేలెడు లోతున చెక్కించాను. అయినా కన్యాకుమారమ్మ గారి రెండో తొట్టి! వాడిని పిలిచి అడిగాను. వాడు నాలుక కరుచుకున్నాడు. "తప్పయిపోనాది, మాలచ్చమ్మ గారూ. ఏటనుకోకండి. సిన్నప్పటి సంది ఈ ఈదంటే మాకు ఆ యమ్మే. ఎద్దయినా అంతే, ఓపాలి నీళ్లు తాగిన సోటు మరిసిపోదు" అన్నాడు.

అంతా ఆవిడే. ఎప్పుడూ ఆవిడే.

మా అత్తగారు మంచినీళ్లు ఆవిడ చేత్తో ఇస్తేనే తాగేది. సరే, పెద్ద కోడలు. నా పిల్లలకి జ్వరం వస్తే "పెద్దమ్మ దగ్గర పడుకుంటాం" అనేవారు. సరే, పిల్లలు. మా వారు మంచం పట్టిన ఆఖరి రోజుల్లో నేను కాచిన జావ నోటికి పెడితే తల తిప్పుకున్నారు. ఏం కావాలండీ అంటే... "వదిన చారు" అన్నారు.

ఆవిడ పరుగెత్తుకుంటూ తెచ్చింది. చెంగుతో గిన్నె పట్టుకుని, చెయ్యి కాలినా చూసుకోకుండా. నా చేతికి ఇచ్చింది, నన్నే పట్టమంది. నేను పట్టాను. ఆయన తాగారు. ఆయన తాగింది ఎవరి చారు?

మనుషులు పోనీ బాబూ. ఎడ్లు కూడానా?

ఇప్పుడు చెప్పండి. మొన్న దొరగారి కారు ఆగితే, నేను లోపల తవుడు జల్లిస్తన్నాను. బయటికి వచ్చి చూసేసరికి ఆవిడ కారు కిటికీలోంచి మజ్జిగ అందిస్తన్నాది! దారి మూసింది ఇద్దరం. మజ్జిగ ఇచ్చింది ఒక్కతే.

కాబట్టి రాసుకోండి. తూర్పు తొట్టి తీసెయ్యాలి. కారణం, బరువు బండ్లు దారిలో ఆగకూడదు. పడమటి వైపున్నవి ఖాళీ బండ్లు, అవి ఆగినా పరవాలేదు. ఇది పక్షపాతం కాదు, లెక్క. పిక్కలు మీ ఎదుటే ఉన్నాయి. ఇంకా వెడల్పు చెయ్యాలనుకుంటే ఆవిడ అరుగు కొంచెం కొట్టండి, అది వీధిలోకి వచ్చి కూర్చున్నాది.

ఏం, రాయరేం? కలం తీశారు కదా? ఏటో నీళ్లు నములుతన్నారు. చెప్పండి.

ఏటీ?

మళ్లీ అనండి.

ఆవిడే చెప్పిందా? తన తొట్టే తీసెయ్యమని? ఎప్పుడు? మీరు ఇక్కడికి రాకముందేనా? వేలిముద్ర కూడా వేసిందా?

ఏమని చెప్పింది? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, నాకేం పరవాలేదు. "మా చెల్లి, మా మరిది గారి పేరు మీద రాయి తెప్పించుకున్నాది, అది కదిలిస్తే తట్టుకోలేదు. నాది ఇటుకే, కొట్టెయ్యండి"... అలా అందా. ఆ గొంతుతోనే అందా? కళ్లు తుడుచుకుందా?

లేదా. తుడుచుకోదు. తుడుచుకుంటే నేను ఏదో ఒకటి అనగలను కదా.

ఆగండి. నన్ను ఆలోచించుకోనివ్వండి.

ఆవిడ తొట్టి మీరు తీసేస్తారు. నాది ఉంటాది. బరువు బండ్లన్నీ నా దగ్గరికే వస్తాయి. వచ్చి ఏటనుకుంటారు బండివాళ్లు? "పాపం ఆ యమ్మ తనది తీయించేసుకుని, మన ఎడ్ల కోసం ఇది ఉంచింది రా" అనుకుంటారు. రోజూ! నా గుమ్మంలో, నా నూతి నీళ్లు తాగిస్తూ! ఆయన పేరు మీద ఎడ్లు మూతి తుడుచుకుని పోతాయి. పేరు మాత్రం ఆవిడది. ఇటుక పోగొట్టుకుని ఊరంతా దక్కించుకుంటాది.

వద్దు. నాకొద్దు!

బాబూ, మీకొక మాట చెప్తాను. వీధిలో తొట్టి ఉండకూడదని నాకు మొదటి నుంచీ తెలుసు. ఇన్ని పిక్కలు పేర్చినదాన్ని, ఆ మాత్రం తెలీదా? నీళ్లు ఊరి బయట పెట్టాలి, బొబ్బిలి బండ్లు ఊళ్లోకి తిరిగే మలుపు కాడ. ఎడ్లు అక్కడే తాగేస్తే వీధిలో ఒక్కటీ ఆగదు. మా తొట్టి నిలబెడుతున్నప్పుడే తాపీవాడు అడిగాడు, అక్కడ పెట్టమంటారా అమ్మా అని. నేనే వద్దన్నాను. అక్కడ పెడితే మా అక్క కిటికీలోంచి కనబడదు కదా.

అదీ సంగతి. పుణ్యం ఊరి బయట పెట్టినా పుణ్యమే. నాకు కావలసింది అది కాదు మరి.

రాసుకోండి. రెండూ తీసెయ్యండి. మలుపు కాడ మునిసిపాలిటీ తొట్టి కట్టండి, తవుడు బస్తా నేను పంపిస్తాను. దాని మీద ఎవరి పేరూ వద్దు. మా వారిదీ వద్దు. ఎవరిదీ వద్దు, విన్నారా? ఎదురింటి వాళ్లది అసలే వద్దు.

కానీ ముందు నాది తీయాలి. ఆవిడ తొట్టి మీద గునపం పడకముందే నాది లేచిపోవాలి. నేనే చెప్పానని, ఎవరూ అడక్కుండానే చెప్పానని రాయండి. ఇలా తెండి, వేలిముద్ర ఎందుకు, సంతకం చేస్తాను. ఆవిడకి సంతకం రాదు.

పేరు చెక్కిన ముక్క మాత్రం పగలకుండా కోసి తీసి పెరట్లోకి చేర్చమనండి. తక్కినదంతా పగలగొట్టెయ్యమనండి.

పొద్దున్నే రమ్మనండి మీ కూలీలని. గట్టిగా చప్పుడు చెయ్యమనండి బాబూ, మా అక్కకి ఎడమ చెవి సరిగ్గా వినబడదు.