సుంకరి మొగిలి గైర్‌హాజర్

గదే నేనడిగేది సారూ. పిలిస్తే రాలేదని ఎట్ల రాస్తరు? పిలిచిందే నేనాయె!

మీరు నవ్వుతున్నరు. నవ్వుండ్రి. నేను సుత ఆర్నెల్ల సంది నవ్వుకుంటనే ఉన్న. మా ఇంటామె సారక్కకు మాత్రం నవ్వస్తలేదు. పొయ్యి కాడ కూసుండి గా రెండెకరాల పేరే తీస్తది.

మా తాత సంది దున్నిన చెల్క అది సారూ. పట్టా దొరది, నాగలి మాది. నిజాం పోయి కొత్త సర్కారు వచ్చినంక, కౌలుకు దున్నేటోన్ని ఎళ్లగొట్టొద్దని చట్టం చేసిండ్రు. మంచి చట్టం! కాకపోతే దున్నేటోడు తాసీల్దారు ముంగటికి హాజరై, దున్నేది నేనే అని చెప్పాలెనట. చెప్పకుంటే? దొర చెప్పిందే నిజం.

గా హాజర్ కాడనే వచ్చింది తంటా.

గా దినం తాసీల్దారు సారు గీ సావడిలనే కూసున్నడు. ఇప్పుడు అప్పీలు ఇననొచ్చి మీరు కూసున్న కుర్చీలనే. ఆయన జవానుకు జెరం వచ్చింది. "అరే మొగిలీ, ఊరి సుంకరివి, సాటింపు చేసే గొంతున్నోనివి, పేర్లు నువ్వే పిలువు" అన్నడు పట్వారి. వాకిట్ల నిలవడి కౌలుకు దున్నేటోళ్ల పేర్లు పిలిచిన. ఐలవ్వా! మూడు సార్లు. లేదు. అంకయ్యా! లేడు. పర్శరాములూ! లేడు. నాలుగో పేరు పట్వారి నా దిక్కు చూడకుంటనే చదివిండు. మొగిలి, తండ్రి లచ్చయ్య.

ఏం జేస్త? బాట దిక్కు మొకం పెట్టి నన్ను నేనే మూడు సార్లు పిలుసుకున్న. గట్టిగనే పిలిచిన సారూ, కొలువంటే కొలువే గద! ఎవ్వరి కుక్కనో లేచి చూసి మళ్ల పండుకున్నది.

లోపటికి పోయి "నేనే బాంచెన్" అందామని గడప మీద కాలు పెట్టిన్నో లేదో, "ఏందిరా, సారు బండెడ్లకు నీళ్లు పెట్టినవా? ముందుగాల గది చూడు" అన్నడు పట్వారి. కాదంటమా? బాయికి పోయి, నీళ్లు చేది, ఎడ్లకు పెట్టి వచ్చేటాల్లకు మిసల్ కాయిదాలు కట్ట కట్టిండ్రు. ముమ్మారు పిలిచినా రాలేదు, కౌలు హక్కు లేదు. నలుగురికీ ఒక్కటే రాత.

"పిలిచింది నేనే సారూ" అంటే తాసీల్దారు ఏమన్నడో ఎర్కేనా? కండ్లద్దాలు తుడుసుకుంట, "పిలిచేటోడు వేరు, వచ్చేటోడు వేరు" అన్నడు. అబ్బ! ఎంత సదివితే వస్తది గా మాట!

ఎడ్లకు నీళ్లు పెట్టిన్నని సాక్ష్యం ఏదంటరా? దానికి పంచనామా ఎవ్వరు రాస్తరు సారూ? ఎడ్లే చెప్పాలె.

ఇగ కరీంనగర్ల వకీలు సాబ్ కాడికి పోయినం, నలుగురం. ఆయన మంచిగ చెప్పిండు. "ముందుగాల తెల్వజేయకుంట ఇచారణ చేస్తే చెల్లదు. మాకెవ్వరికీ తెల్వదని రాద్దాం" అన్నడు. రాసిండు. నేను తల ఊపిన. గా అర్జీనే మీ ముంగటున్నది.

దాని పక్కపొంటి మీరు గీ పంచనామా పెట్టిండ్రు. ఇచారణకు ముందుగాల ఊరంత డప్పు కొట్టి సాటింపు చేసినం, కొట్టినోడు సుంకరి మొగిలి. కింద ఏలిముద్ర. నాదే సారూ. చిన్నప్పుడు కొడవలి తెగిన ఏలు, గా గీత చూడుండ్రి, దాసిపెడ్తే దాగేది కాదు.

డప్పు కొట్టినోడే నాకు తెల్వదని ఎట్లంటడు అని అడిగిండ్రు. సక్కగనే అడిగిండ్రు.

కొట్టిన సారూ. ఎట్ల కొట్టిన్నో అడగరేంది? కాయిదం మీద డప్పు చప్పుడు వినరాదు గద.

అంగడి నాడు కొట్టుమన్నడు పట్వారి. అంగడి నాడు మా ఊర్లె ఎవ్వరుంటరు? గొడ్డు గోద, పిల్ల జెల్ల, అంత పెద్దపెల్లి తొవ్వ పడ్తరు. ముసలి యాదవ్వ ఒక్కతి ఉండె, ఆమెకు చెవుడు. ఊరవతల తుమ్మల్లకు పోయి కొట్టిన. డప్పును మంటకు సుత కాపలే. కాపని డప్పు ఏం మోగుతది? తడిసిన గోనెసంచిని కొట్టినట్టు, దబ్ దబ్‌మని నాలుగు దెబ్బలు. మా బాపు బతికుంటే గా చప్పుడుకు నన్ను చెప్పుతోని కొట్టేటోడు.

ఎందుకంటరా? గీ మాట సారక్కకు సుత చెప్పలే.

పట్వారి నా భుజం మీద చెయ్యేసిండు సారూ. నా మీద చెయ్యి చేసుకున్నోళ్లు మస్తుమంది ఉన్నరు. గట్ల నెమ్మదిగ చెయ్యేసిన పెద్దమనిషి ఆయనొక్కడే. "నీ రెండెకరాలు నీకే రాపిస్త. గా ముగ్గురి ఫికర్ నీకెందుకురా?" అన్నడు. నాకెందుకని నేను సుత అనుకున్న. మా అవ్వ సచ్చిపోతే ఐలవ్వ నాకు గటుక పోసి సాదింది. అయినా అనుకున్న. సావడి ముంగట నిలవడి ఆమె పేరు పిలిచిన నాడు, ఆమె రాదని నాకెర్కే. సిగ్గయితుంది సారూ.

రాసుకోండ్రి. అంగడి నాడు, మనిషి లేని కాడ, కాపని డప్పు కొట్టిన. ఐలవ్వకు తెల్వదు. అంకయ్యకు తెల్వదు. పర్శరాములుకు తెల్వదు. తెల్వజేయకుంట చేసిన ఇచారణ చెల్లదు గద? వాళ్ల చెల్కలు వాళ్లకు వస్తయి గద? తల ఊపిండ్రు. సంతోషం.

నా కొలువు పోతదా? పోనీయుండ్రి. పేర్లు పిలిచేటోనికి కరువా?

ఇగ కలం ఆపి నా దిక్కు చూడకుండ్రి సారూ. నా రెండెకరాల మాట నేను అడుగుతలేను. ఊరు మొత్తంల గా డప్పు వినవడ్డది నాకొక్కనికేనాయె.

ఇగో ఏలు. సిరా జర ఇటు జరుపుండ్రి.