తవుడికి అమ్మిన కొడుకు

సభాధ్యక్షులు మహీధర్ గారికి, రేపటి నుంచి ఆఫీసుకి వెళ్లనక్కర్లేని సాంబశివరావు గారికి, రేపటి నుంచి ఆయన్ని ఇంట్లోనే భరించాల్సిన ఆయన శ్రీమతి గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, వెనక వరసలో కూర్చుని భోజనాల బల్ల వైపు చూస్తున్న మిత్రులకి నమస్కారం. (నవ్వులు)

నాకు మాట్లాడటం అలవాటు లేదు. తువాస్‌లో ఓడలకి వెల్డింగ్ చెయ్యడానికి సింగపూర్ వచ్చినవాణ్ణి, ఇప్పుడు సూపర్‌వైజర్నైనా ఆ హోరులో నేను చెప్పేది ఎవరికీ వినపడదు. లాయరు ఆఫీసులో ఇన్నేళ్లు మన మాటలు వాళ్లకీ వాళ్ల మాటలు మనకీ చెప్పి రిటైరవుతున్న మనిషి గురించి ఆయన వల్ల మేలు పొందినవాడే చెప్పాలని మహీధర్ గారన్నారు. ఈ హాల్లో ఆయన వల్ల మేలు పొందనివాళ్లు ఎవరున్నారండీ అని అడిగితే, నిజమే గానీ మిగతావాళ్లందరూ ముందే తప్పించుకున్నారు అన్నారు. (నవ్వులు)

అదిగో, రెండో కుర్చీలో కూర్చున్నావిడ మా అమ్మ ఈరమ్మ. మొదట్లో మా అమ్మ ఇక్కడ విజిట్ పాసు మీద ఉండేది. అది పొడిగిస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు కుదరదంటారు, అన్నరోజు పెట్టె సర్దుకోవాలి. మా అమ్మకేమో వెళ్లే ఉద్దేశం లేదు. జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద బల్ల మీద ఒక చైనా ముసలావిడా మా అమ్మా రోజూ సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటారు. ఆవిడకి తెలుగు రాదు, మా అమ్మకి చైనీస్ రాదు, అయినా ఒకరి కోడలి సంగతి ఇంకొకరికి పూర్తిగా తెలుసు. అరుణశ్రీ, నువ్వు నవ్వకు, నీ గురించే. (నవ్వులు)

నేను ఇక్కడి పౌరుణ్ణయ్యాక, అమ్మ కోసం శాశ్వత నివాసానికి అర్జీ పెడదామనుకున్నాను. కన్నతల్లి అని రుజువు చూపించమన్నారు. శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్లో, మా ఇంట్లోనే పుట్టినవాణ్ణి, నా పుట్టుక ఎవరు రాసిపెట్టారు గనక? అప్పుడు సాంబశివరావు గారు, మీ అమ్మగారు మా లాయరమ్మ ముందు ప్రమాణం చేసి ఇతను నా కొడుకు అని ఒక్క మాట చెప్తే ఆ పత్రం జతచేద్దాం, చిన్న పని, భోజనానికి ముందే అయిపోతుంది అన్నారు.

లాయరమ్మ చైనా ఆవిడ, నెమ్మది మనిషి. పత్రం చదివింది. సాంబశివరావు గారు తెలుగులో అడిగారు. మా అమ్మ నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

"ఒట్టేసి అబద్దం సెప్పనేను బాబూ. ఈడు నా కొడుకు కాదు. ఈడ్ని అమ్మీసినాను."

(నవ్వులు)

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఆవిడ అవునంది అని సాంబశివరావు గారు ఇంగ్లీషులో చెప్పేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ విన్నది విన్నట్టు చెప్తానని ఆయనా ఎప్పుడో ప్రమాణం చేసి ఉన్నారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశారు. లాయరమ్మ కలం కింద పెట్టింది. ఎవరికి అమ్మిందని అడిగింది. పక్కింటావిడకి. ఎంతకి? చేటెడు తవుడికి. తవుడంటే పశువులు తింటాయని కూడా ఈయన వివరించారు, దాంతో వ్యవహారం ఇంకా పాడైంది. ఆవిడ ఫోన్ వైపు చూసింది. పోలీసులకేనని నేను నిశ్చయించుకున్నాను.

మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అలాంటి ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్లకి తవుడికి అమ్మేస్తారు. వాళ్లు కొనుక్కుని, పెంచిపెట్టమని తల్లికే మళ్లీ ఇస్తారు. ఆ పట్టుకుపోయేదేదో మళ్లీ వస్తే, ఈ ఇంట్లో వీళ్ల బిడ్డ లేడు అనుకుని వెళ్లిపోవాలి. అందుకే నాకు తవిటయ్య అని పేరు. నన్ను కొన్నావిడ పక్కింటి సలీమా, అప్పటికి కొత్తకోడలు. అమ్మేశాక కన్నతల్లి ఆ బిడ్డని నావాడు అనకూడదు. మా అమ్మ నన్ను తవిటీ అనేది, కోపమొస్తే సలీమా కొడకా అనేది. అంతే.

లాయరమ్మ ఇంకో రోజు రమ్మంది. ఆదివారం సాంబశివరావు గారు మా ఇంటికొచ్చి, అమ్మా, మీవాడికి షుగరుంది, బీపీ ఉంది, మోకాళ్లు అరిగాయి, ఈ వయసులో ఇంకా ఎవరి కళ్లు కప్పాలి అని మెల్లగా నచ్చజెప్పబోయారు.

"అయ్యన్నీ ఉన్నా, ఉన్నాడు కదా బాబూ" అంది మా అమ్మ.

సాంబశివరావు గారు టీ తాగారు. తాగాక, కొన్నావిడే తిరిగి ఇచ్చేస్తే, అని అడిగారు. మా అమ్మ ఆలోచనలో పడింది.

సలీమా పిన్ని కొడుకు ఇక్బాల్ ఇక్కడే చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తాడు. అదిగో, స్తంభం పక్కన. చెయ్యెత్తు ఇక్బాల్. పిలిస్తే వచ్చి, ఊళ్లో ఉన్న వాళ్లమ్మకి వీడియో కాల్ కలిపాడు. సంగతంతా విని పిన్ని ఏమందో తెలుసా?

"నానెందుకు ఇచ్చీయాలే ఈరీ? కొన్నదాన్ని నాను. ఆడు తల్లిని సింగపూర్‌లో పెట్టుకోవాలంటే నన్ను పెట్టుకోవాల."

(నవ్వులు)

ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. ఎవరు ఎత్తుకు తిప్పారు, ఎవరు కొట్టారు, అన్నీ వచ్చాయి. సొంత కొడుకు ఇక్బాల్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు, వాడి గురించి ఒక్క మాట రాలేదు. చివరికి మా అమ్మ గొంతు తగ్గింది. నాకు బయమేస్తందే అంది. అప్పుడు పిన్ని కూడా తగ్గింది.

"ఇత్తాను గానీ వదిలీను. నా సెయ్యి ఆడి మీద ఉంటాది. జొరమొస్తే ముందు నాకు ఫోన్ సెయ్యాల."

తవుడు తిరిగివ్వాలి. సింగపూర్‌లో తవుడెక్కడ దొరుకుతుంది? అరుణశ్రీ కిందికెళ్లి సూపర్‌మార్కెట్‌లో ఓట్స్ తవుడు తెచ్చింది, కొలెస్టరాల్ తగ్గిస్తుందని డబ్బా మీద రాసి ఉంది. చేట లేదు కనక పిజ్జా డబ్బా మూత తీసుకున్నారు. అందులో నన్ను పడుకోబెట్టడం కుదరదు కాబట్టి ఒక కాలు పెట్టించారు. తవుడు ఇక్బాల్ చేతిలో పోశారు. అంతా ఫోన్లోంచి చూస్తున్న పిన్ని, కొలత తక్కువైందని రెండుసార్లు పోయించింది. (నవ్వులు) దీనికంతటికీ సాక్షి సాంబశివరావు గారు. ఈ సంగతి ఆయన ఆఫీసులో చెప్పలేదనుకుంటాను.

మళ్లీ లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. సాంబశివరావు గారు అదే ప్రశ్న అడిగారు. మా అమ్మ గది నాలుగు మూలలా చూసింది. తలుపు మూయమంది. మూశారు. కిటికీ తెర కూడా వెయ్యమంది. వేశారు. అప్పుడు చెప్పింది. ఎంత చిన్నగా చెప్పిందంటే, పక్కన కూర్చున్న నాకే సగం వినపడింది.

లాయరమ్మ గట్టిగా చెప్పమంది. ఇంతకన్నా గట్టిగా చెప్పనంది మా అమ్మ.

సాంబశివరావు గారు ముందుకి వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మా అమ్మ ఎంత చిన్నగా చెప్పిందో అంత చిన్నగా ఆ మాట ఇంగ్లీషులో చెప్పారు. లాయరమ్మ కూడా వంగి విని, సంతకం పెట్టింది.

విన్నది విన్నట్టు చెప్పడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆయన గురించి ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.

అర్జీ చాలా నెలలు పట్టింది, చివరికి మంజూరైంది. శాశ్వత నివాసులకిచ్చే నీలం కార్డు వచ్చింది, మా అమ్మ అది దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. సలీమా పిన్ని వారానికోసారి ఫోన్ చేసి నా షుగరు ఎంతుందో కనుక్కుంటుంది. ఎక్కువుంటే ఇద్దరూ కలిసి నన్ను తిడతారు.

ఇంకా చెప్పాలనే ఉంది గానీ, మా అమ్మ కుర్చీలోంచి లేచింది. మైకు ఆపమంటోంది. ఇంతమంది వినేలా వీడి గురించి ఎందుకూ అని పక్కావిడతో అంటోంది, నాకు వినపడుతూనే ఉంది. ఆపేస్తున్నానమ్మా. సాంబశివరావు గారూ, మా ఇంటిల్లిపాది తరఫున మీకు కృతజ్ఞతలు. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కూడా. మా అమ్మ తరఫున ఒక్క విన్నపం, ఇక్కడ విన్నది గట్టిగా చెప్పుకోకండి. సెలవు.