వదులు తాడు

"ఆ కొరడా కింద పెట్టు మావయ్యా."

"పెడితే వాడు వ్యాను ఎక్కుతాడా?"

"పొద్దున్నుంచీ పట్టుకునే ఉన్నావుగా. ఎక్కాడా?"

లాయం ముందు వ్యాను ఆగి ఉంది. వెనక తలుపు దించి వాలుగా పరిచారు, దానికి రెండు పక్కలా ఇనుప కమ్మీలు. ఆ వాలు దగ్గర ముప్పై ఏళ్లుగా గుర్రాలకు నడక నేర్పుతున్న మావయ్య, ఆయన దగ్గరే పని నేర్చుకున్న మేనకోడలు, ఎవరి మాటా వినని దొర అనే ఎర్ర గుర్రం నిలబడి ఉన్నారు.

"వెటకారానికేం తక్కువ లేదు. సాయంత్రంలోగా వీణ్ణి కొత్త లాయానికి చేర్చకపోతే యజమాని ఎవడికో ఒకడికి అమ్మి పారేస్తాట్ట. బండెక్కని గుర్రం ఆయనకెందుకట. ఆరేళ్లు పెంచానే వీణ్ణి! పుట్టినప్పుడు నా ఒళ్లోనే పడ్డాడు."

"అందుకే వచ్చాను."

"అందుకే వచ్చావా, మీ అత్త రమ్మందా?"

"అత్తయ్య స్టీరింగు ముందు కూర్చుని పేపరు చదువుకుంటోంది. ఆవిణ్ణెందుకు మధ్యలోకి లాగుతావు?"

"డ్రైవరు మొహం అలా ఉంటే ఏ గుర్రం మాత్రం ఎక్కుతుందిలే."

"ఏవండీ, నాకు వినబడుతోంది!"

"వినబడనీ. రెండు నెలలుగా ప్రాణం తోడేస్తోందే మీ అత్త. ఎడమ కంట్లో పొర, కంట్లో పొర అని. మూడుసార్లు అపాయింట్‌మెంటు తీసుకుంది. మూడుసార్లూ నేను వెళ్లలేదు. నా కన్ను నిక్షేపంలా ఉంది."

"సరే, కంటి సంగతి వదిలెయ్. దొర సంగతి చూద్దాం. ఓసారి లాగి చూపించు."

"ఇదిగో. రారా! రా అంటుంటే! చూశావా, తలెత్తి ఎలా వెనక్కి పోతున్నాడో. మొండి వెధవ."

"వాడు తలెత్తగానే నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను, తాడు వదిలాను. చేతులు కోసుకుపోవూ?"

"మరి వాడేం నేర్చుకున్నాడు? తలెత్తితే మావయ్య వదిలేస్తాడని. గుర్రం మనం లాగినప్పుడు నేర్చుకోదు మావయ్యా, వదిలినప్పుడు నేర్చుకుంటుంది. నువ్వు వాడు వెనక్కి పోయినప్పుడల్లా వదులుతున్నావు. అది వాడికి నువ్వు నేర్పిన విద్యే."

"నాకే పాఠాలా! కళ్లెం పట్టుకోవడం నీకు నేర్పిందెవరు?"

"నువ్వే. కాదన్నానా? వాడి చెవులు చూడు. ఎటున్నాయి?"

"ఎటేంటి... ఎడమ కమ్మీ వైపు."

"ఆ కమ్మీకి ఏం అంటుకుందో దగ్గరికెళ్లి చూడు."

"వెంట్రుకలు. ఎర్రగా. వీడివే."

"వాటి పైన?"

"పైన ఏముంది? నాకేం కనబడటం... ఏం లేదే."

"నీ చొక్కా పీలిక ఉంది. ఎడమ చెయ్యెత్తు. మోచెయ్యి దగ్గర చిరిగింది కదూ?"

"ఎక్కడో చిరిగుంటుంది."

"అక్కడే చిరిగింది. నువ్వు ముందు నడుస్తూ ఎడమకి పోతున్నావు. నీ వెనకే వస్తుంటే వాడి మోకాలు కమ్మీకి కొట్టుకుంటోంది. చూడు, వాచింది. వాడిది మొండితనం కాదు మావయ్యా, భయం."

"గుర్రానికి భయమా, నీ మొహం... ఎంత వాచింది?"

"కొంచెమేలే."

"నేనే దెబ్బ తగిలించి, ఎక్కలేదని నేనే కొరడా ఝళిపించానా?"

"తిడుతూ కూడా."

"చాల్లే ఇంక. ఏం చెయ్యాలో చెప్పి చావు."

"కుడి కమ్మీ పట్టుకుని లోపలికెళ్లు. ముందు మూల మనిషి కూర్చునే బల్ల ఉంది, దాని మీద కూర్చో. తాడు వదులుగా ఉంచు. వాడి వైపు చూడకు. అలా గుడ్లురిమి చూస్తే ఏదో పులి తినడానికొచ్చిందనుకుంటాడు."

"నన్ను చూసా?"

"ఆ మీసాలు చూస్తే నేనైనా అనుకుంటాను. వెళ్లు."

"కూర్చున్నాను. ఇప్పుడేం చెయ్యను?"

"ఊరుకో."

"ఎంతసేపు?"

"వాడిష్టం."

"గుర్రం ఇష్టానికి నేను కూర్చోవాలా?"

"ఆరేళ్లు నీ ఇష్టానికి వాడు నిలబడ్డాడుగా. అదిగో, ఒకడుగు వేశాడు. తాడు ఇంకాస్త వదులు."

"ఇంకా వదిలితే అసలు తాడెందుకే నాకు?"

"వదులు మావయ్యా."

"వదిలాను, వదిలాను... అమ్మాయ్."

"ఊఁ."

"మెడ మీద వెచ్చగా ఊపిరి తగులుతోందే."

"వెనక్కి తిరక్కు."

"చెవి నాకుతున్నాడు."

"నాకనీ."

"ఎక్కేశాడే! ఒరేయ్ దొరా, నా తండ్రీ... ఇంతేనా? ఇంత మాత్రానికి ఎన్ని దెబ్బలు కొట్టానే వీణ్ణి! ఏడుపొస్తోందే నాకు."

"ఏడు. ఎవరూ చూడటం లేదు."

"అదేంటే, వెనక తలుపేస్తున్నావు? నేను లోపలే ఉన్నాను!"

"తెలుసు."

"ఇంజను ఎవరు స్టార్టు చేశారు? ఏమే! ఎక్కడికే?"

"ముందు కంటాసుపత్రికండీ. దొర కొత్త లాయం ఆ దారిలోనే, అక్కడికి ఆ తర్వాత. నాలుగోసారి అపాయింట్‌మెంటు తీసుకున్నాను."

"ఇద్దరూ కలిసి నన్ను బండెక్కించారా! మేనకోడలివేనా నువ్వు?"

"లాగితే రాడు అత్తయ్యా, వదిలి చూద్దాం అన్నాను. అంతే. నీ పక్క చిన్న తలుపుకి గొళ్లెం వెయ్యలేదు మావయ్యా. దిగాలనుంటే దిగు, మేం ఆపం."

"నిజంగా ఆపరూ?"

"ఆపం."

"దిగితే వీడొక్కడే ఉండిపోతాడే లోపల."

"ఉంటాడు."

"అమ్మాయ్."

"ఊఁ."

"ఆసుపత్రి మెట్ల దగ్గర నన్ను చెయ్యి పట్టి లాగొద్దని మీ అత్తకి చెప్పు."

"అక్కడా మొండికేస్తావా?"

"మొండితనం కాదే. భయం."